స్కూల్ ఫేసింగ్ ఫ్లాటు

ఈస్ట్ ఫేసింగ్ రోజులు పోయాయి. వాస్తు పండితులు ఇక వేరే పని చూసుకోవచ్చు. ఇప్పుడు నడుస్తున్నది స్కూల్ ఫేసింగ్. హైదరాబాదులో గచ్చిబౌలి ఫ్లైఓవర్ దిగి కోకాపేట వైపు తిరిగితే చాలు. హోర్డింగుల మీద స్విమ్మింగ్ పూల్ పక్కన కాళ్ళు చాపుకుని పడుకునే దంపతులు మాయమయ్యారు. వాళ్ళ చోట టై కట్టుకుని, బ్లేజరు తొడుక్కుని, మే నెల ఎండలో కూడా చెమట చుక్క పట్టని పిల్లాడొకడు నవ్వుతున్నాడు. వాడి చెవి పక్కన 'ఇంటర్నేషనల్ స్కూల్: 5 నిమిషాలు'. తర్వాతి హోర్డింగులో ఇంకో బిల్డరు, ఇంకో పిల్లాడు, అదే బ్లేజరు, '4 నిమిషాలు'. ఆ తర్వాతిది మరీ దూకుడు మీదుంది: 'మీ పిల్లల భవిష్యత్తు గోడ పక్కనే'. ఏ గోడ, ఎవరి గోడ అన్నది కాసేపాగి మాట్లాడుకుందాం.

ఇదంతా మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. సైట్ విజిట్‌కి ఎప్పుడొస్తున్నారు సార్ అని మీకూ ఫోన్లు వస్తూనే ఉంటాయి. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర వెనకటికి 'మీవాడు ఏం చదువుతున్నాడు' అనేవారు. ఇప్పుడు 'ఏ స్కూలు దగ్గర తీసుకున్నారు' అంటున్నారు. స్కూలు పేరు చెప్తే ఇల్లు ఎంతయిందో వాళ్ళే లెక్కేసుకుని, ఆ లెక్కకు తగ్గట్టు మనకు మర్యాద ఇస్తున్నారు.

మా బావమరిది ఈ మధ్య ఆ మర్యాదకి దరఖాస్తు పెట్టుకున్నాడు. కూతురికి మూడేళ్ళు నిండాయి. 'నువ్వు కూడా రా బావా, కాస్త పెద్దరికంగా ఉంటుంది, బేరం కుదురుతుంది' అన్నాడు. సైట్ ఆఫీసులో బేరం అనే మాటకు చోటు లేదని అక్కడికి వెళ్ళాక తెలిసింది. అద్దాల పెట్టెలో అట్టముక్కలతో కట్టిన టవర్లు, వాటి మధ్య ఆకుపచ్చ స్పాంజి ముక్కల చెట్లు, చెట్ల కింద గోరంత ప్లాస్టిక్ పిల్లలు, వాళ్ళ భుజాలకు ఆవగింజంత బ్యాగులు. సేల్స్ కుర్రాడు లేజర్ లైటు ఒక టవర్ మీద ఆపాడు.

'సార్, ఇది స్కూల్ ఫేసింగ్ టవర్. ప్రీమియం ఇన్వెంటరీ.'

'అంటే?'

'మాస్టర్ బెడ్‌రూమ్ బాల్కనీ నుంచి స్కూల్ కనిపిస్తుంది సార్.'

'కనిపిస్తే?'

ఈ ప్రశ్నకి వాళ్ళ ట్రైనింగులో జవాబు నేర్పినట్టు లేదు. కొంచెం ఆలోచించి, 'పాప అసెంబ్లీలో నుంచుంటే మేడమ్ ఇక్కణ్ణుంచే చూసుకోవచ్చు సార్' అన్నాడు. మనవాళ్ళు అడుగుతున్నది ఇరవై మూడో అంతస్తు. అంత ఎత్తు నుంచి చూస్తే అసెంబ్లీలో పాప ఏదో, వాటర్ బాటిల్ ఏదో తేల్చడానికి ఇస్రోవాళ్ళు కావాలి. కానీ మా బావమరిది భార్య, చెల్లెమ్మ, అప్పటికే మనసులో ఆ బాల్కనీలో కుర్చీ వేసేసుకుంది. మా బావమరిది తల ఊపుతున్నాడు. ఫ్లోర్ రైజ్ చార్జీలు వేరు, కార్నర్ చార్జీలు వేరు, అసెంబ్లీ చూసుకునే చార్జీలు వేరు. అన్నీ చదరపు అడుగుల్లోనే.

ఇక ఆ ఐదు నిమిషాల సంగతి. దీన్ని నేను తేలిగ్గా వదలను.

ఆ ఐదు నిమిషాలు ఎవరు కొలిచారు, ఏ వాహనం మీద కొలిచారు, ఏ ముహూర్తంలో కొలిచారు? సైటుకీ స్కూలుకీ మధ్య అవుటర్ రింగ్ రోడ్డు ఉంది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డుకి ఎనిమిది లేన్లు, రెండు పక్కలా కంచె. దాన్ని అటు నుంచి ఇటు దాటాలంటే అండర్‌పాస్ అయినా ఉండాలి, ఇంటర్‌ఛేంజ్ అయినా ఉండాలి, రెక్కలైనా ఉండాలి. బ్రోచర్ గీసినవాడు రెక్కలున్నాయనుకునే గీశాడు. టవర్ నుంచి స్కూలుకి నిటారుగా ఒక చుక్కల గీత, దాని మీద '5'.

మా బావమరిది కారు తీశాడు. సర్వీస్ రోడ్డు వన్‌వే. కాబట్టి స్కూలు ఉన్న దిక్కుకి వీపు పెట్టి బయల్దేరాం. అండర్‌పాస్ దాకా పోయి, దానిలో ఇరుక్కున్న రెడీమిక్స్ లారీ వెనక నిలబడి, అటు తేలాక స్కూలు కుడివైపు కనిపించింది. 'వచ్చేశాం' అన్నాడు. రాలేదు. మధ్యలో డివైడరు. ఈ నగరంలో కూడళ్ళన్నీ మూసేసి యూటర్నులు పెట్టారు కదా. స్కూలు గేటు ముందు నుంచే దాటిపోయాం. సెక్యూరిటీ గార్డు మీసాలు కూడా కనిపించాయి. అలా దాటి, ఆ తర్వాతి సూపర్ మార్కెట్టూ, దాని తర్వాతి పెట్రోలు బంకూ దాటి, యూటర్ను తీసుకుని, మళ్ళీ వెనక్కి వచ్చి స్కూలు చేరాం. అదీ ఆదివారం.

తిరిగొచ్చి సేల్స్ కుర్రాణ్ణి అడిగాను. 'అది నాన్-పీక్ అవర్స్‌లో సార్' అన్నాడు, ఎంతో నిజాయితీగా. బాబూ, నాన్-పీక్ అవర్స్‌లో స్కూలు ఉండదు. స్కూలు ఉన్నప్పుడల్లా పీక్ అవరే, ఎందుకంటే పీక్ అవర్ వచ్చేదే స్కూలు వల్ల. తెల్లవారుజామున మూడింటికి ఐదు నిమిషాల్లో స్కూలుకి చేరుకోవచ్చంటే, ఆ వేళకి స్కూలుకి వెళ్ళేది దొంగలే.

ఇంకో చిత్రం చూడండి. అదే స్కూలుకి ఐదు నిమిషాల్లో ఉన్నామని చెప్పుకునే టవర్లు చుట్టూ ఎన్నున్నాయో ఆ రోడ్డు మీద ఒకసారి తిరిగి లెక్కపెట్టండి. ఒక్కో ప్రాజెక్టులో వందల ఫ్లాట్లు. ఆ ఫ్లాట్లన్నిటిలోంచీ ఒకే ఉదయం, ఒకే గేటుకి, ఒక్కో కారులో ఒక్కో పిల్లాణ్ణి ఎక్కించుకుని బయల్దేరితే ఐదు నిమిషాలు ఎక్కడ మిగులుతాయి? అసలు అన్ని బ్రోచర్లూ ముందు పరుచుకుని చూస్తే ఇంకా వింతగా ఉంటుంది. ప్రతి ప్రాజెక్టూ స్కూలుకి ఐదు నిమిషాలు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకి పది, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి ఇరవై. చిన్నప్పుడు నేర్చుకున్న లెక్క ప్రకారం అవన్నీ భూమ్మీద ఒకే చోట, ఒకదాని మీద ఒకటి ఉండాలి. బహుశా అందుకే నలభై అంతస్తులు లేపుతున్నారు.

పోనీ స్కూలు బస్సు ఉందిగా అంటారు. ఉంది. దగ్గర్లో ఉన్న పిల్లల్ని బస్సు ముందు ఎక్కించుకుని, నార్సింగి, మంచిరేవుల అంతా తిప్పి, నిద్రలోంచి లేవని పిల్లలందర్నీ పోగేసుకుని అప్పుడు స్కూలుకి చేరుస్తుంది. ఐదు నిమిషాల పిల్ల గంటసేపు బస్సులో ఊరేగుతుంది. బాల్కనీలోంచి అమ్మ చూస్తూనే ఉంటుంది.

'అంత దగ్గరైతే నడిచే వెళ్ళొచ్చు కదా బావా' అన్నాడు మా బావమరిది. నడిచి! ఆ రోడ్డు మీద! టిప్పర్ లారీల మధ్య, కంకర దుమ్ములో, జీబ్రా గీత లేని చోట, ఫుట్‌పాత్ ఉండాల్సిన చోట ట్రాన్స్‌ఫార్మరూ, దాని పక్కన జొమాటో బైకులూ ఉన్న దారిలో! లాబీకి ఇటలీ పాలరాయి తెప్పించినవాళ్ళు గేటు బయట రెండడుగుల నాపరాయి పరవలేదు. 'గేటు దాటాక అది మున్సిపాలిటీది సార్' అన్నాడు కుర్రాడు. స్కూలు మాత్రం మీదా?

మిగతావి ఒక్కో ముక్కలో కానిచ్చేస్తాను. ప్రాపర్టీ యాప్‌లో ఏరియాకి స్కూలు స్కోరు ఇస్తున్నారు, పదికి 8.7, ఆ పాయింట్ ఏడు ఎవరి పిల్లల మార్కో చెప్పరు. క్లబ్‌హౌస్‌లో ప్లే స్కూలు పెట్టి 'ఎడ్యుకేషన్ వితిన్ ది కమ్యూనిటీ' అంటున్నారు. మెట్ల కింద చీపుర్లు పెట్టుకునే సందుకి 'స్టడీ నూక్' అని పేరు పెట్టారు. ఇక 'ఇంటర్నేషనల్' అని రాసుకున్న ఒక స్కూలుకి ఫోన్ చేసి, 1968లో జెనీవాలో మొదలైన ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియట్) గుర్తింపు మీకుందా అని అడిగితే, 'వుయ్ ఆర్ ఐబీ ఇన్‌స్పైర్డ్ సార్' అన్నారు. అంతా ఇన్‌స్పిరేషనే.

ఈ జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మా పెద్దమ్మ కూతురు టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. అక్కడ మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు వంటగది చూడకముందే స్కూలు రేటింగ్ చూస్తారు. 'టెన్ బై టెన్ రా తమ్ముడూ, కళ్ళు మూసుకుని కొనేశాం' అని చెప్పింది ఫోన్లో. అట్లాంటా పక్కన కమ్మింగ్‌లోనూ ఇదే తంతు. ఆ టెన్ బై టెన్ వాట్సాప్ ఎక్కి, కూకట్‌పల్లి మీదుగా కోకాపేట చేరింది.

కానీ అక్కడ దానికో ఆధారం ఉంది. అక్కడ మీ చిరునామా ఏ గీత లోపల పడితే ఆ ప్రభుత్వ బడిలో మీ పిల్లకి సీటు హక్కు. ఫీజు లేదు, డొనేషన్ లేదు, ఇంటర్వ్యూ లేదు. అందుకే ఆ గీతకి ధర పలుకుతుంది. 1999లో శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త బోస్టన్ శివార్లలో అలాంటి గీతలకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళని పోల్చి చూసింది. పరీక్షల స్కోరు 5 శాతం మెరుగ్గా ఉన్న బడి వైపు ఇంటికి జనం 2.5 శాతం ఎక్కువ పెడుతున్నారని తేల్చింది. అది గొప్ప ఏర్పాటని నేననడం లేదు. డబ్బున్న పేటకి మంచి బడి, లేని పేటకి ఉన్నదేదో అది. ఈ తేడా తప్పని శాన్ ఆంటోనియో తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో కాదు పొమ్మంది. ఒహాయోలో ఒకావిడ తన తండ్రి ఇంటి చిరునామా ఇచ్చి పిల్లల్ని మెరుగైన జిల్లా బడికి పంపినందుకు 2011లో జైల్లో కూర్చుంది. అంత దుర్మార్గం ఉంది అందులో.

అంత దుర్మార్గంలోనూ ఒక లావాదేవీ ఉంది: ఇల్లు కొంటే బడి ఉచితం. మనవాళ్ళు ఆ దుర్మార్గాన్ని దిగుమతి చేసుకుని, ఉచితాన్ని కస్టమ్స్‌లో వదిలేసి వచ్చారు. ఇక్కడ ఇల్లు కొంటే హోర్డింగు ఉచితం. హైదరాబాదులో ఏ ప్రైవేటు స్కూలూ మీ సేల్ డీడ్ చూసి సీటు ఇవ్వదు. మీ బాల్కనీలోంచి వాళ్ళ గ్రౌండు కనిపిస్తుందని మీకు ఫీజు తగ్గించదు. ఆ స్కూలుకీ ఈ బిల్డరుకీ సంబంధం ఏమిటని అడిగాను. 'టై-అప్ ప్రాసెస్‌లో ఉంది సార్' అన్నాడు. స్కూలు వాళ్ళని అడిగాను. వాళ్ళు ఆ బిల్డరు పేరు ఇంకోసారి చెప్పమన్నారు.

ఇప్పుడు డబ్బు లెక్క. అదే సైజు ఫ్లాటు, అదే బిల్డరు, శంకర్‌పల్లి వైపు లోపలికి పోతే చదరపు అడుగుకి 1,500 తక్కువ అని కుర్రాడే చెప్పాడు. రెండు వేల అడుగులకి తేడా 30 లక్షలు. దాని మీద జీఎస్టీ 5 శాతం, లక్షన్నర. రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం, రెండుంబావు లక్షలు. ఆ 30 లక్షలు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళ అప్పు తెస్తే నెలకి 26 వేల పైచిలుకు వాయిదా. మొత్తం కట్టేది 62 లక్షలు దాటుతుంది. ఇదంతా స్కూలు పక్కన ఉన్నందుకు. స్కూల్లో చేర్చినందుకు కాదు. చేరిస్తే ఆ బిల్లు వేరే. ఫీజు ఏటా పది శాతం పెరిగిందనుకోండి, ఎల్‌కేజీలో రెండు లక్షలతో మొదలైంది పన్నెండేళ్ళకి ఆరు లక్షలు దాటుతుంది. ఫీజులకి ముకుతాడు వేయమని తల్లిదండ్రులు గోల పెడితే తెలంగాణ ప్రభుత్వం 2017లో తిరుపతిరావు కమిటీ వేసింది. కమిటీ నివేదిక ఇచ్చింది. తర్వాత ఏమైందో మీ పిల్లల ఫీజు రసీదులు చెప్తాయి.

ఆ ఫీజెందుకు పెరుగుతుందో కూడా ఆ రోడ్డు మీదే కనిపిస్తుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికిందని మనమంతా స్వీట్లు పంచుకున్నాం. అంత ధర పలికే చోట ఎవడైనా బడి పెడితే, ఆ నేల ధర మీ పిల్ల ఫీజులోంచి రాక ఇంకెక్కణ్ణుంచి వస్తుంది? స్కూలు ఉందని నేల ధర పెంచుతారు, నేల ధర పెరిగిందని స్కూలు ఫీజు పెంచుతారు. మధ్యలో మనం రెండు వైపులా కట్టి, 'అప్రిసియేషన్ బాగుంది' అని మురుస్తాం.

ఇప్పటిదాకా నవ్వులాటగా చెప్పాను. ఇక నా వల్ల కాదు.

విద్యాహక్కు చట్టం 2009 నాటిది. దాని 13వ సెక్షన్ ప్రకారం క్యాపిటేషన్ ఫీజు వసూలు చేయకూడదు, పిల్లనైనా తల్లిదండ్రులనైనా పరీక్షించి వడపోయకూడదు. వడపోస్తే మొదటిసారి 25 వేల దాకా, తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. ఇప్పుడు మా చెల్లెమ్మ 'పేరెంట్ ఇంటరాక్షన్'కి ఇంగ్లిషులో జవాబులు బట్టీ పడుతోంది. మూడేళ్ళ పిల్లకి రంగులు, ఆకారాలు, 'వాట్ ఈజ్ యువర్ ఫేవరెట్ వెజిటబుల్' నేర్పుతున్నారు. ఆ పిల్ల ఇంట్లో బెండకాయంటే పారిపోతుంది, అక్కడ 'బ్రోకలీ' అని చెప్పాలట. వాపసు ఇవ్వని అడ్మిషన్ ఫీజు ముందు ఆ జరిమానా టీ ఖర్చు. చట్టం ఉందని అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. నోరెత్తితే సీటు పోతుంది కదా. ముప్పై లక్షలు అదనంగా పోసి కొన్న బాల్కనీ ఎదురుగా సీటు పోతే ఇంకేమైనా ఉందా? అంటే ఈ ఇల్లు కొనడం వల్ల వాళ్ళకి దక్కింది ఏమిటంటే, నోరెత్తే శక్తి పోవడం.

అదే చట్టం 12వ సెక్షన్‌లో, ప్రైవేటు స్కూళ్ళు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల పేదపిల్లలకి ఉచితంగా ఇవ్వాలని ఉంది. చుట్టుపక్కల! ప్రైవేటు స్కూళ్ళ విషయంలో చట్టంలో 'దగ్గర్లో ఉండటం' అనే అర్హత నిజంగా ఉన్నది ఆ ఒక్క చోటే, ఆ పిల్లలకే. తెలంగాణలో ఏళ్ళ తరబడి అది కాగితం దాటి రాలేదు. స్కూలుకి దగ్గర్లో ఉన్నందుకు హక్కున్న పిల్లకి సీటు దక్కలేదు. హక్కు లేని మనం దగ్గరితనాన్ని అడుగుల లెక్కన కొనుక్కుంటున్నాం.

ఇప్పుడా గోడ గురించి. బ్రోచర్లో లొకేషన్ మ్యాప్ తీసి చూడండి. చెరువు నీలంగా ఉంటుంది, అందులో నీళ్ళున్నాయో లేవో వేరే సంగతి. ఆస్పత్రికి ఎర్ర ప్లస్ గుర్తు, మాల్‌కి చేతిసంచి గుర్తు, ఇంకా రాని మెట్రోకి రైలు బొమ్మ. ఇంటర్నేషనల్ స్కూళ్ళకి నల్ల కుచ్చు టోపీ బొమ్మ. ఒక పనిరోజున మళ్ళీ వెళ్ళినప్పుడు చూశాను: ఆ సైటులో కాంపౌండు గోడకి ఆనుకుని, నిజంగానే ఆనుకుని, ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. వేపచెట్టు ఉంది, జెండా కర్ర ఉంది, గోడ మీద గాంధీ బొమ్మ ఉంది, మధ్యాహ్న భోజనం గిన్నెల చప్పుడు మేమున్న సైట్ ఆఫీసులోకి వినిపిస్తోంది. మ్యాప్‌లో మాత్రం ఆ చోట లేత ఆకుపచ్చ రంగు పూసి మూడు చెట్లు వేశారు.

'ఇదేంటి, ఇక్కడ బడి ఉంది కదా?' అన్నాను.

'అది గవర్నమెంట్‌ది సార్' అన్నాడు కుర్రాడు, ఏ శ్మశానాన్నో చూపించినట్టు నొచ్చుకుంటూ. 'ఫ్యూచర్‌లో షిఫ్ట్ అవుతుందంటున్నారు.'

'మీ పిల్లల భవిష్యత్తు గోడ పక్కనే' అన్నది మరి ఏ గోడ గురించి? ఈ టవర్లు లేచిన ప్రతిచోటా మొన్నటిదాకా ఒక ఊరుంది. ఆ ఊరికి ఒక బడి ఉంది. ఆ బడి పిల్లల తండ్రుల పొలాల మీదే పునాదులు తీశారు. ఆ ఊళ్ళో ఆ బడి ఒక్కదానికే నిజంగా నడిచి వెళ్ళొచ్చు. దాన్ని మ్యాప్‌లోంచి చెరిపేసి స్కూలుకి దగ్గర అని అమ్ముతున్నారు. కొనడానికి ఆ సైట్ ఆఫీసులో కూర్చున్నవాళ్ళలో చాలామంది అలాంటి బడిలోనే, అలాంటి వేపచెట్టు కిందే చదివి ఇక్కడిదాకా వచ్చారు. మా బావమరిది కూడా. తాడేపల్లిగూడెం దగ్గర వాడి బడికి ప్రహరీగోడే లేదు. వాడిప్పుడు కిటికీలోంచి ఆ హైస్కూలు వైపు చూసి, 'బెల్లు సౌండు రాకుండా డబుల్ గ్లేజింగ్ ఇస్తారా' అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

అదే గోడకి ఇటుపక్క, రేకుల షెడ్లలో, టవర్ కడుతున్న కూలీలుంటారు. ఒడిశావాళ్ళు, జార్ఖండ్‌వాళ్ళు, ఛత్తీస్‌గఢ్‌వాళ్ళు. వాళ్ళ పిల్లలు ఇసక కుప్పల మీద ఆడుకుంటున్నారు, పది గంటల వేళ, పనిరోజున. యాభై మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకి గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు. ప్రాథమిక బడి కిలోమీటరు దూరంలో ఉండాలని విద్యాహక్కు నిబంధనలు చెప్తాయి. ఈ పిల్లలకి బడి కిలోమీటరు కూడా లేదు, గోడ అవతలే ఉంది. అయినా వాళ్ళని తీసుకెళ్ళి పేరు రాయించే నాథుడు లేడు. ఆ పిల్లల భాష తెలిసిన పంతులు అక్కడ ఉంటాడన్న నమ్మకమూ లేదు. అసలు ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా 'ఐదు నిమిషాల దూరం'లో ఉన్నవాళ్ళు వాళ్ళే. హోర్డింగు మీద బ్లేజరు పిల్లాడి కాళ్ళ కింద, నీడ కోసం, వాళ్ళమ్మ చీర ఉయ్యాల కట్టింది.

కొఠారీ కమిషన్ 1966లో ఇచ్చిన నివేదికలో ఇరుగుపొరుగు బడి అనే ఆలోచన ఉంది. పేటలో ఉన్న పిల్లలంతా, కలెక్టరు కొడుకూ చాకలి కూతురూ, ఆ పేట బడికే పోవాలని. అప్పుడు కలెక్టరు ఆ బడి పైకప్పు కారకుండా చూస్తాడు. ఆ నివేదిక చేతిలో ఉండగా మనం చేసిన పని ఏమిటంటే, ఇరుగుపొరుగునే మార్చుకుని గేటు పెట్టుకోవడం. కూలీల పిల్లలు పొరుగు కాకుండా పోయారు. ఊరి బడి పొరుగు కాకుండా పోయింది. మిగిలింది బాల్కనీలోంచి కనిపించేది.

సరే, కోపం పక్కన పెడతాను. అన్నీ అనుకున్నట్టే జరిగాయనుకుందాం. పాపకి ఇప్పుడు మూడేళ్ళు. నర్సరీ సీటుకి దరఖాస్తు పెట్టాల్సింది ఇప్పుడే. ఫ్లాటు చేతికొచ్చేది బిల్డరు లెక్కన నాలుగేళ్ళకి. బిల్డర్ల నాలుగేళ్ళు ఎన్నేళ్ళో మీకు తెలుసు. అంటే పాప మియాపూర్ అద్దింటి నుంచి బస్సెక్కి, ఏ రోడ్డు బాధ తప్పించుకోవడానికి ఈ ఇల్లు కొన్నారో ఆ రోడ్డు మీదే రెండో క్లాసు, మూడో క్లాసు దాకా తిరుగుతుంది. అద్దె, వాయిదా, ఫీజు, మూడూ ఒకే జీతంలోంచి. చివరికి గృహప్రవేశం అవుతుంది. పాలు పొంగుతాయి. చెల్లెమ్మ బాల్కనీలో కుర్చీ వేసుకుంటుంది.

ఎన్నాళ్ళు? మనం తెలుగువాళ్ళం. ఇంటర్నేషనల్ చదువు, నాటకాలు, పియానో, కుండలు చేయడం, అన్నీ ఏడో తరగతి దాకా. ఎనిమిదో తరగతి రాగానే ఏ పెళ్ళిలోనో ఒక మేనమామ అడుగుతాడు, 'ఫౌండేషన్‌లో వెయ్యలేదా ఇంకా?' అని. ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. నెల తిరక్కుండా పాప బాచుపల్లిలోనో మాదాపూర్‌లోనో ఐఐటీ కోచింగ్ క్యాంపస్‌లో ఉంటుంది. ఇంటర్‌కి హాస్టలే. 'ఇంటి దగ్గరుంటే డిస్ట్రాక్షన్ అన్నయ్యగారూ' అని చెల్లెమ్మే చెప్తుంది నాతో, కళ్ళు తుడుచుకుంటూ. పిల్ల ఇంటి దగ్గరుండాలని, స్కూలు ఇంటికి కనిపించాలని కొన్న ఇల్లు. పిల్ల ఆ ఇంట్లో ఉండి ఆ స్కూలుకి పోయేది నాలుగైదేళ్ళు. అప్పు తీరేది ఇరవై ఏళ్ళకి. పాప పెళ్ళి శుభలేఖ మీద కూడా ఆ బ్యాంకు పేరు వేయించొచ్చు.

ఇన్ని చెప్పినా మా బావమరిది అడ్వాన్సు ఇచ్చేలాగే ఉన్నాడు. మీరూ ఇస్తారు. కాబట్టి ఒకే ఒక్క పని చేయండి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టంలో 12వ సెక్షన్ ఉంది: ప్రకటనలో, బ్రోచర్లో ఉన్న తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలి. అందుకే బ్రోచర్ అడుగున, చీమ కూడా భూతద్దంతో చదవాల్సిన అక్షరాల్లో 'ఆర్టిస్ట్స్ ఇంప్రెషన్ ఓన్లీ' అని వేస్తున్నారు. మీరు ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి, అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌లో ఒక వాక్యం రాయమనండి: 'స్కూలు రోజుల్లో ఉదయం ఎనిమిదింటికి ఈ ఫ్లాటు నుంచి ఆ స్కూలుకి ఐదు నిమిషాలు దాటినా, అక్కడ సీటు రాకపోయినా, స్కూలు పేరు చెప్పి తీసుకున్న అదనపు సొమ్ము వడ్డీతో వాపసు.'

నేను అడిగాను. 'మేనేజర్‌ని అడిగి చెప్తాను సార్' అని లోపలికి వెళ్ళాడు. కాఫీ రెండోసారి వచ్చింది. కుర్రాడు రాలేదు. వేరే అమ్మాయి వచ్చి, 'సార్, మీరు కొనుగోలుదారా, వాళ్ళతో వచ్చారా' అని అడిగింది.

ఆ ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టే బిల్డరు ఎవరైనా ఉంటే నాకు ఆ ప్రాజెక్టు పేరు పంపండి. బ్లేజరు తొడుక్కుని ఆ హోర్డింగు కింద నేనే నిలబడి పాంప్లెట్లు పంచుతాను.